నిమిషానికి ఎన్ని చుట్లు

రాణిగంజ్‌ల ఇది మూడో దుకాణం.
కౌంటర్ మీద మూడు మోటార్లు వరుసగ పెట్టి
"దేనికమ్మా, పిండిగిర్నీకా?" అని అడిగిండు సేటు.
అంచులకు, అన్న.
చీరె అంచులనుకున్నడేమో,
పక్క సందుల ఫాల్ కుట్టేటోళ్లున్నరని చెయ్యి చూపించిండు.

సంచిలకెల్లి జానెడు తోలుపట్టీ తీసి
గాజుబల్ల మీద నిలవెట్టిన.
ఇగో, ఈడ, రెండు పొరలు కలిసేకాడ
పీచు కనవడొద్దు.
కలిసినట్టే తెల్వొద్దు.

ఇన్నేండ్లు దీనికి మోటారంటే నా కుడిభుజమే.
తుమ్మజిగురు నీళ్లు వేలితో తడిపి
గాడి తీసిన టేకుకర్రతో రుద్దుడు,
మీదికెల్లి పాత జీన్స్ గుడ్డ, తేనెమైనం, మల్ల గుడ్డ.
పోశాలు మామ నేర్పినప్పుడు లెక్క చెప్పలే.
"కర్ర గొంతు మారేదాక రుద్దు బిడ్డా" అన్నడు.
నిజమే. మొదలు గరగర,
తర్వాత గుసగుస,
ఆఖరుకు ఏమీ వినపడదు.
ఆ ఏమీ వినపడకపోవుడుకు
ఒక్కో పట్టీకి అరగంట.

ఇప్పుడు మాఘమాసం పెండ్లిళ్లకు
మంగళ్‌హాట్ మొయినుద్దీన్ భాయ్
పదహారు కళ్లేలు కావాలన్నడు,
పదహారు తెల్లగుర్రాలకు.
భుజమేమో దీపావళి కాడికెల్లి
నన్ను జడ కూడ ఏసుకోనిస్తలేదు.

సేటు మొదటిదాన్ని ఆన్ చేసిండు.
నిమిషానికి రెండువేల ఎనిమిదివందల చుట్లు, ఏడాది గ్యారంటీ.
బాలానగర్‌ల లేత్ మీద తిప్పించుకొచ్చిన
మూడు గాళ్ల కర్రబిళ్ల దానికి బిగించినం.
పట్టీ ఆనిచ్చీ ఆనియ్యకముందే
కాలిన ఎంటికల వాసన.
అంచు, అడుగంటిన పాలగిన్నె లెక్క నల్లగైంది.
సేటు ముక్కు మూసుకొనే
"పవర్ చూసిండ్రా!" అన్నడు.

రెండోది చేతిల పట్టుకునే డ్రిల్లు.
ఒక చెయ్యి దానికి, ఒక చెయ్యి పట్టీకి,
మరి జిగురు తుడిచే చెయ్యి ఏదీ?
మూడోది పెన్నంత ఉంది, ముద్దుగుంది,
వాచీ పట్టీలకైతే కొందును.
గుర్రం ముఖం వాచీ అంత ఉండదు.

అప్పుడు కనవడ్డది
బిల్లుబుక్కు ఎగరకుండ మీద పెట్టుకున్న
పాత కుట్టుమిషను మోటారు,
తోకకు కాలి పెడలు.
"అది అమ్మేది కాదమ్మా, బరువుకు పెట్టుకున్నం."
జర తిప్పి చూపియ్యి సేటూ.
కప్పీ పీకి బిళ్ల ఎక్కించేసరికి పావుగంట,
పనిపిల్లగాడి నోట రెండు తిట్లు.

చెప్పు ఇడిచి పెడలు మీద బొటనవేలు పెట్టిన.
తిరిగింది,
నిద్ర లేస్తున్న పసిపిల్ల లెక్క, మెల్లగ.
ఇంకొంచెం నొక్కితే ఇంకొంచెం.
పట్టీని గట్టిగ అదిమితే మూలిగి ఆగిపోయింది.
"బలం లేదు దానికి" అన్నడు సేటు.
నాకు మంచిదే కదా.
కోపమొచ్చిన రోజు అదిమితే
తోలు మాడకుండ అదే ఆగిపోతది.

అంచు సల్లారినంక
ఎడమచెంపకు ఆనిచ్చి కిందికి గీసిన.
సేటు సిగ్గువడి రోడ్డు దిక్కు చూసిండు.
గుర్రం చెప్పదు కద సేటూ.
బ్యాండు మోగవట్టె, జనరేటర్ బండి ఎనక దడదడ,
పిల్లగాడు భయానికి పగ్గం గుంజి పట్టవట్టె,
ఏడ కోస్తున్నదో అది ఎవ్వరికి చెప్పుకుంటది?

తొమ్మిదివందలడిగి ఏడువందల యాభైకి ఇచ్చిండు.
గ్యారంటీ లేదన్నడు.
పాత పేపర్ల చుట్టి, బస్సుల ఒడిల పెట్టుకొని
చిలకలగూడ దాక తెచ్చుకున్న.

నాలుగు రోజులైంది.
కాలు నేర్చుకుంది, భుజానికే ఇంకా తెల్వలే,
మోటారు తిరిగినప్పుడల్లా అదీ తనంతట తాను కదులుతది.
చిన్న చిన్న కొక్కేల లోపలికి బిళ్ల పోదు,
ఆడ మామ ఇచ్చిన కర్రే.
ఇంకో తిప్పలు: మోటారు సప్పుడుల
కర్ర గొంతు మారుడు వినొస్తలేదు.
అందుకే ప్రతి పట్టీకీ కాలు ఎత్తి,
చక్రం పూర్తిగ ఆగేదాక ఆగి,
చెంపకు ఆనిచ్చి చూస్త.

రాత్రి ముఖం ఎంత కడిగినా
ఎడమదిక్కు తేనెమైనం వాసన పోతలేదు.
ఇంక తొమ్మిది కళ్లేలున్నయి.