పావుశేరు నూక

కాలువ పారిన నాలుగో ఏటికి
మా దిగువ చేను తెల్లబారింది.
మామ వేలితో అద్ది నాలుక మీద పెట్టుకుని
తుపుక్కున ఉమ్మేసి
ఎవరితో ఏమీ అనకుండా ఇంటికొచ్చినాడు.

కౌతాళం ఆసుపత్రి కాంపౌండరు దస్తగిరి
తడి గోనెలో కట్టి కొమ్మలు తెచ్చినాడు,
బూడిద పూసుకున్నట్టు ఆకు.
పేరు అడిగితే నోరు తిరగనిదేదో చెప్పినాడు.
మేం ఉప్పుచెట్టు అన్నాం.
చౌడులోనే బతికింది. మోకాలెత్తు, నడుమెత్తు.

ముప్పైనాలుగు గొర్రెలు.
మొదటి రోజు మూతి పెట్టి తుమ్మినాయి.
మూడో రోజు కొమ్మలు మిగల్లేదు.
నెల తిరిగేసరికి
కడుపులు తప్పెటల మాదిరి,
వెన్నులు మాత్రం రంపాలు.
మునుపు బిందె నీళ్ళు మూడింటికి సరిపోయేవి,
ఇప్పుడు ఒక్కోదానికి ఒక బిందె.
నా భుజం మీద కాయ కాసింది.

"కడుపు నిండితే చాలదక్కా,
ఆ ఉప్పును మోయను బలం కావల్ల" అన్నాడు దస్తగిరి.
దొడ్డిలో వేలాడే ఉప్పుగడ్డ తెంపి అవతల పారేసినాడు.
పూటకు పావుశేరు జొన్న నూక,
పిడికెడు బుడ్డల చెక్క,
ఉంటే కందిపొట్టు. నీళ్ళు, నీళ్ళు.

మా అత్త ఈరమ్మకు ఆ లెక్క గొంతు దిగలేదు.
"మన సంగటిలోకి లేని నూక
గొర్రె నోట్లోకా?"
శేరు గిన్నె పైటకొంగున దాచింది.
నేనూ ఊరుకోలేదు,
చెంబుతో కొలిచినా.
పది రోజులు మాటల్లేవు ఇంట్లో,
గిన్నెల చప్పుడే.

ఒక తెల్లవారుజామున దొడ్డిలో దీపం.
బొల్లి గొర్రె, పళ్ళూడిన ముసలిది,
అత్త అరచేతిలో నూక నాకుతోంది.
నన్ను చూసి
"నమల్లేదు కదే ఇది" అంది, అంతే.
శేరు గిన్నె ఆమె ఒళ్ళో ఉంది.

ఆదోని సంతలో
వ్యాపారి పొట్టేలు వీపు మీద బొటనవేలు నొక్కి
ఎముక కోసం వెతికినాడు.
మళ్ళీ నొక్కినాడు.
"ఏం మేపినావమ్మా?"
"చౌడు" అన్నా.
నవ్వినాడు. నేను నవ్వలేదు.
నూక సంగతి చెప్పలేదు,
చెబితే అదీ ధరలో కోస్తాడు.

ఇంటికొచ్చేసరికి అత్త
ఆ గిన్నెను బూడిదేసి తోమి
పొయ్యి పక్కన బోర్లించింది.
రాత్రి సంగటి ఆ గిన్నెతో కొలిచిన నూకదే,
కొంచెం ఉప్పగా ఉంది.
మామ ముద్ద ఆపి మా ఇద్దరి మొగం చూసినాడు.
ఈసారి ఉమ్మలేదు.