ముప్పావు సముద్రం

అమలాపురంలో అద్దెగది. ఫ్యాను గాలికి
గోడమీది మ్యాపు అంచు లేచి లేచి పడుతోంది.
ఆరువేల ఏళ్ల కిందటి ఆషాఢాన్ని
మళ్లీ కురిపిస్తున్నాను.

నేను కాదులే, ఎక్కడో చల్లటి గదుల్లో
వరసగా నిలబడ్డ మెషిన్లు.
నా పనల్లా వేసవిలో సూర్యుణ్ణి కాస్త దగ్గరికి జరిపి,
గాలిలో పొగ తగ్గించి,
ఇక నడు అనడమే.
నడుస్తుంది, రోజుకు ఇరవై ఏళ్లు.
భోంచేసి చెయ్యి కడుక్కునేలోపు
ఒక కరువు ఏడాది వచ్చి పోతుంది.
ఎవరూ ఏడవరు. ఆ లోకంలో మనుషుల్ని పెట్టలేదు.

నేలంతా గళ్లు అక్కడ. ఒక్కో గడి వంద కిలోమీటర్లు.
రాజోలు వానా యానాం వానా ఒక్కటే.
గౌతమి లేదు, వశిష్ఠ లేదు,
వైనతేయ సంగతి అడగనే వద్దు.
కోనసీమ మొత్తానికి ఒకే లెక్క:
పావు నేల, ముప్పావు సముద్రం.

ఆ మాటకి లోవరాజు నవ్వాడు.
బోర్లు వేసే మనిషి. ముప్పై ఏళ్లుగా
కాట్రేనికోన నుంచి మలికిపురం దాకా
భూమికి సూది గుచ్చుతున్నవాడు.
"మా ఇల్లు పావులో ఉందాండి, ముప్పావులోనా?"
తెలీదన్నాను. గడి లోపల ఎక్కడ అన్నది ఉండదు.
"అయితే శిస్తు కూడా పావే కడతానండి."

మొన్న చెయ్యేరు అవతల, కొబ్బరితోటలో
నాకోసం గొట్టం దించాడు.
ఇరవై అడుగుల దాకా ఒండ్రు, గోదారి సొంత సామాను.
దానికింద నల్లబంక, కుళ్లిన మడాకు వాసన.
నలభైకి గవ్వలు.
వేలిగోరంత, తెల్లగా,
రెండు చిప్పలూ ఇంకా మూసుకునే.
"సముద్రం ఇక్కడ కాపరం చేసి పోయిందండి" అన్నాడు,
పక్క వాటా ఖాళీ చేసినవాళ్ల గురించి చెప్పినట్టు.
"ఈ పొర తగిల్తే నీళ్లు ఉప్పే. మా నాన్నకీ తెలుసు."

మా నాన్నకీ తెలుసు.
ఈ వాక్యాన్ని ఏ పట్టికలో వేసుకోను?

చేతుల బురద లుంగీకి తుడుస్తూ అడిగాడు:
"కురిసి పోయిన వానని మళ్లీ లెక్కెయ్యడం దేనికండి?"

పడవ సంగతి చెప్పాను.
పాత పడవ కొనబోతే రంగు అడుగుతావా?
ఫలానా తుఫానుకి ఎక్కడుంది,
ఎలా నిలబడింది అని కదా.
రాబోయే తుఫాన్లోకి
మీ పిల్లల్ని ఎక్కించేది దాన్నే మరి.
"ఆయ్" అన్నాడు. కాసేపాగి,
"నిలబడిందా?"

రాత్రి, కరెంటు పోయి వచ్చాక, ఫలితం.
నా మెషిను కురిపించింది ఇప్పటికన్నా పదోవంతు ఎక్కువ.
పోయినేడు తీసిన బురదలో పుప్పొడి
అంతకు రెట్టింపంటోంది.
దిక్కు సరే. అడుగే చిన్నది.
ఏ మేఘాన్ని తక్కువ నమ్మానో,
ఏ అడవి ఊపిరిని లెక్కలో మరిచానో.

పడవ తేలింది.
అంచుమీంచి నీళ్లు వచ్చాయి.

కీబోర్డు పక్కన ఒక గవ్వ,
లోపల చిటికెడు చీకటి బురద. తెరవలేదు.
వయసు కట్టడానికి పంపాలి.
ఫోను మోగింది.
"పొద్దున్నే వచ్చేదాండి?
ఇంకో పదడుగులు దించి చూద్దాం."