పళ్ళు నూరే మనిషి

క్లెమ్ ట్రెథోవన్ ఉద్యోగం పళ్ళు నూరడం.
కోపంతో కాదు, గంటకింత అని జీతానికి.
వారిన్‌డప్ మిల్లు వెనక రేకుల షెడ్డులో
బ్యాండు రంపాన్ని పాములా చుట్టి పడుకోబెట్టి
ఒక్కో పన్నూ వేలికొనతో తడుముతాడు.
డాక్టరంటారు అందరూ.
ముప్పై ఒక్క ఏళ్ళ ప్రాక్టీసు, రోగులన్నీ ఇనుపవే.

నాది చెక్కల మీద సుద్దతో రకం రాసే పని.
జారా మాను కోస్తే పొట్టు ఎర్రగా రాలుతుంది,
చెమటకు తడిస్తే ఇక వదలదు.
మా ఇంట్లో తెల్ల దుప్పటి లేదు.

క్యాంటీన్ గోడకి ఒక నల్లబల్ల.
నిన్న యాభై ఎనిమిది ఘనపు మీటర్లు.
మొన్న అరవై ఒకటి.
మనుషుల లెక్క దాని మీద ఎప్పుడూ రాయలేదు.
రాత్రి షిఫ్టు ఉన్న రోజుల్లో నూట నలభై మందిమి,
ఇప్పుడు నా టీ కప్పు ఏ కొక్కేనికైనా తగిలించుకోవచ్చు.

మంగళవారం దుంగలో మేకు తగిలింది.
రంపం అరుపు గంట కంటే ముందే విని
అరవై రెండేళ్ళ మనిషి షెడ్డు నుంచి పరుగెత్తుకొచ్చాడు.
పదకొండు పళ్ళు రాలాయి.

పట్టకారుతో పీకి చూపించాడు:
కంచె మేకు, చిటికెన వేలంత.
ఎవరి తాతో కొట్టి మరిచిపోయాడు.
చెట్టు మరవలేదు,
మింగి, చుట్టూ నల్లగా కమిలి,
ఏడాదికో వలయం చుట్టుకుంటూ
పంటి బిగువున నిలబడింది.

"పెర్త్ నుంచి కొత్త బ్లేడు తెప్పించండి" అన్నాడు క్లెమ్.
మేనేజర్ గ్యారీ స్టబింగ్టన్ బూట్ల వైపు చూశాడు.
"ఆరు వారాలకి కొత్త బ్లేడెందుకులే, క్లెమ్."

అలా తెలిసింది మాకు.
కాగితం తర్వాత అంటించారు, శుక్రవారం,
నల్లబల్ల పక్కనే.

ఆ నల్ల మరక చెక్క నా దగ్గరికొచ్చింది.
మూడో రకం అని రాయాలి, రూలది.
సుద్ద పట్టుకుని చాలాసేపు నిలబడ్డాను.
వెనక చెక్కలు పేరుకున్నాయి, డెన్జిల్ కేకేశాడు.
మూడు అనే రాశాను.

ఇంటికెళ్తూ షెడ్డు కిటికీలోంచి చూశాను.
లైటు కింద వంగి,
విరిగిన చోటల్లా కొత్త మొన అతికించి
నూరుతున్నాడు.
ఏడో పన్ను మీద ఉన్నాడు.