సూది దిగింది

కారబాల్తా ఊరి చివర, రైలు డబ్బాని కోసి కట్టిన షెడ్డు.
పొద్దున్నే లాక్కొచ్చి వదిలారు పాత ఆడీని,
తాడు ఇంకా బంపరుకే ఉంది.
వెనక సీట్లో నాలుగు డబ్బాల గుర్రప్పాల కుమిస్,
మూతల కింద బుసబుసమంటూ.

సైకాల్ అక్క వెంటనే బానెట్ ఎత్తదు.
ముందు జోల్దోష్‌కి టీ పోసింది.
"ఎక్కడ?"
"కనుమ ఎక్కుతుంటే. సూది ఎర్ర గీత దాటింది.
ఆపుదామనుకునే లోపు దానంతటదే దిగింది.
చల్లబడిందిలే అని
ఇంకో ముప్పై కిలోమీటర్లు తోలాను."
అక్క కప్పు కింద పెట్టింది.
ఎందుకో నాకు అప్పుడు తెలియలేదు.

ఆయిల్ మూత తిప్పితే
లోపల చిలికి వదిలేసిన మజ్జిగ నురగ.
వేలితో తీసి నా ముక్కు దగ్గర పెట్టింది.
"తియ్యగా ఉంది కదూ? కూలెంటు. ఉండకూడని చోట ఉంది."

ప్లగ్గులు విప్పాను.
ఒకటీ నాలుగూ మసి.
రెండూ మూడూ అప్పుడే తోమిన గిన్నెల్లా.
ఇవి బాగున్నాయన్నాను.
"బాగుండటం కాదురా, ఆవిరి కడిగింది."

గేజీ బిగించి స్టార్టర్ తిప్పాం.
పన్నెండు. నాలుగు. నాలుగు. పన్నెండు.
తలుపు మీద సుద్దతో రాశాను.
పక్కపక్క వాటాల నడుమ గోడ పడిపోయింది,
ఎవరి ఊపిరీ ఎవరికీ నిలవడం లేదు.

మధ్యాహ్నానికి హెడ్ దింపి, గీకి, తుడిచి
ఉక్కు పట్టీ నిలబెట్టాం.
వెనక నేను టార్చి పట్టాను.
వెలుతురు రాకూడదు.
వచ్చింది. సరిగ్గా నడుమ, సన్నగా,
మూసిన తలుపు కింద గదిలో దీపంలా.
కాగితమంత రేకు దూరింది.
దాని మీద ఇంకోటి పెడితే అదీ దూరింది.

"మరి సూది ఎందుకు దిగింది?"
జోల్దోష్ గొంతు దొంగది కాదు.
అక్క సెన్సరు ఊడదీసి అతని అరచేతిలో పెట్టింది.
"నీళ్లలో మునిగి ఉన్నంతసేపే ఇది వేడి చెప్తుంది.
నీళ్లు అయిపోయాయి.
ఒట్టి గాలిలో వేలాడుతూ
తనకు తెలిసింది చెప్పింది, పాపం."

అతను దాన్ని చాలాసేపు తిప్పి తిప్పి చూశాడు.
తర్వాత ఒక డబ్బా మూత తీసి ముగ్గురికీ పోశాడు.
మరీ పులిసిపోయింది.
బాగుందనే అన్నాం.

మా అన్న బెక్‌తూర్
గని పని పోయాక రోజూ అరిచేవాడు.
ఈ నెలలో మానేశాడు. తగ్గిందిలే అంది అమ్మ,
నేనూ అనుకున్నాను.

చేతులకి నూనె పూర్తిగా వదల్లేదు.
ఇంటికెళ్లేసరికి
వాడి తలుపు కింద వెలుతురు.
తట్టాను.