బెట్ట

కుళ్ళాయప్పకు అరవై మూడేండ్లు.
ఆయన గుండెకు ఈ పొద్దుతో నలభై ఒకటో దినం.

ఒకటి గార్లదిన్నె అవతల ఎర్రచేల గట్ల మీద
ఆయాసపడి ఆగి ఆగి నడుస్తా ఉంది,
ఉబ్బిపోయిందని డాక్టర్లు రాసినారు.
ఇంకొకటి నా దగ్గర,
అనంతపురంలో, రెండో అంతస్తులో,
ముప్పై ఏడు డిగ్రీల పెట్టెలో.
చిటికెనవేలి గోరంత కూడా లేదు.

ఆయన మోచేతి మడతలో కొంచెం నెత్తురు తీసి
దానికి వయసు మరపించినాము.
ఎండిన బోర్లు, బ్యాంకు నోటీసులు, బీడీ పొగ
అన్నీ విడిచిపెట్టి
ఇంకా ఏమీ కాని చోటికి పోయి నిలబడింది.
అప్పుడు నిదానంగా చెవిలో చెప్పినట్టు చెప్పినాము:
నువ్వు గుండెవి.

పదో దినానికే కొట్టుకుంది.
నేను ఎగిరి గంతేసినా.
నస్రీన్ మేడం అద్దాలు తుడుచుకుంటా అనింది,
"అది కడుపులో బిడ్డే ఇంకా.
పిలవకుండానే పలుకుతుంది చూడు,
తోచినప్పుడు, తోచినట్టు.
చక్కెర తప్ప ఇంకేదీ ముట్టదు.
దీనితో ఏ మందునూ పరీక్షించలేం.
పెంచు."

మాది ధర్మవరం.
తెల్లారకముందే వీధి పొడవునా పడుగు సాగదీసేవాళ్ళు.
మా నాయన వేలితో మీటి చూసేవాడు:
వదులైతే బట్ట కాదు,
బిగువెక్కితే తెగుతుంది,
ఆ రెండింటి మధ్యే మాకు తిండి.

ఇక్కడ రెండు మెత్తని గుంజలు నాటి
వాటి మధ్య ఈ కండను తగిలించినా.
అది లాగితే గుంజలు వంగుతాయి,
వంగి, ఎదురు లాగుతాయి.
చిక్కుపడిన పట్టులా అడ్డదిడ్డంగా పడున్న కణాలు
వారానికింత, ఒకే దిక్కుకు తల పెట్టుకున్నాయి.
కరెంటు తట్టు సెకనుకు ఒకటి, తర్వాత రెండు,
తర్వాత మూడు.
రొమ్ముకు వేపాకు రాసి పాలు మాన్పించినట్టు
చక్కెర తగ్గించి కొవ్వు పోసినా.
రెండు దినాలు అలిగింది.
మే నెల రాత్రి ఊరంతా కరెంటు పోతే
ఇన్వర్టర్ కూత వింటా నేలమీదే పండుకున్నా,
నా గుండెను ఎవరూ లెక్కపెట్టలేదు గానీ
ఆ రాత్రి దానిదే ఎక్కువ వేగం.

మంగళవారం చెకప్పుకొచ్చి
మెట్లెక్కలేక మూడుసార్లు కూర్చుని
పైకొచ్చినాడు కుళ్ళాయప్ప,
తువ్వాల మూటలో పచ్చి చెనక్కాయలు.
అంతా చెప్తే నవ్వినాడు.
"ఇదేముందమ్మా, బెట్ట పెట్టడమే కదా!
విత్తినాక ఇరవై దినాలు వాన మొగం చూపకున్నా మేలే.
బెట్ట తగిలిన చెట్టే వేరు దింపుతుంది.
తడవగానే ఊడలన్నీ ఒక్కసారే దిగుతాయి.
ఎప్పుడూ తడిసే చేనుకు ఆకు తప్ప కాయుండదు."
కొంచెంసేపు ఊపిరి తీసుకున్నాడు.
"ఎన్నాళ్ళు పెట్టాలనేదే చెట్టుకు తెల్దు,
పైనోనికీ తెల్దు.
నాకు రవ్వంత ఎక్కువైంది."

ఆయనకు నేను చెప్పనిది ఒకటుంది.
ఆ పొద్దున ఆరింటికి చూస్తే కండ కదల్లేదు.
వణుకుతా మేడంకు ఫోన్ చేస్తే
"ఏడవొద్దు, అడిగి చూడు" అనింది.
స్విచ్ ఒకసారి నొక్కినా.
ఒక్కసారి ముడుచుకుంది, నిండుగా,
గుంజలు రెండూ వంగేంతగా.
మళ్ళీ ఊరకైంది.
మాటికీ పలవరించే బిడ్డ కాదిప్పుడు,
పిలిస్తే పలికే మనిషి.

ఒక కన్ను మూసి, సాలు సూటిగా ఉందా అని చూసినట్టు
మైక్రోస్కోపులోకి వంగినాడాయన.
"నాదేనా?"
"మీదే."
"పలకదేం?"
పెదవులు గాజుకు దగ్గరగా పెట్టి
తన పేరుతోనే మెల్లగా పిలిచినాడు:
"ఒరే కుళ్ళాయప్పా."

బల్ల కింద నా వేలు స్విచ్ మీదుంది.

తన పిలుపుకే పలికిందనుకున్నాడు.
నేనేమీ అనలేదు,
చెనక్కాయ ఒలిచి నోట్లో వేసుకున్నా.