పదమూడో పేజీ అంచున

తిబిలిసిలో మంచు కరిగి చూరు కారుతోంది.
మూడో సంవత్సరం పిల్లల వ్యాసాలు ముప్ఫై రెండు
పియానో మూత మీద పడి ఉన్నాయి.
అందరూ కథానాయకుడి కళ్ళ గురించే రాశారు.
ఒక్క నుత్సా మాత్రం
వెనక గోడకున్న తలుపు గురించి, పద్నాలుగు పేజీలు.

పదకొండుసార్లు కనిపిస్తుందట.
పదకొండుసార్లూ ఓరగా తెరిచే ఉందట.
సెకన్లతో సహా లెక్కగట్టింది, పిచ్చిపిల్ల.
"ఎవరో వస్తారని కాదు,
వెళ్ళినవాళ్ళ వెనక గడియ పెట్టడానికి
ఎవరికీ చెయ్యాడలేదని"
అంటుంది పదమూడో పేజీలో.

ఎర్ర పెన్సిలు చెక్కుకుని కూర్చున్నాను.

ఆ తలుపు సంగతి నాకు తెలుసు.
దీపాలకు కరెంటు పక్కింటి నుంచి తెచ్చారు.
బొటనవేలంత లావు తీగ గడప మీదుగా పోయేది,
అందుకే మూతపడలేదు, అంతే.
తీగ ఎవరి కాళ్ళకూ తగలకుండా
అవతల చీకట్లో పట్టుకు నిలబడ్డది నేనే,
పదిహేనేళ్ళవాణ్ణి, జేబులో రెండు అక్రోట్లు.

"దర్శకుడి ఉద్దేశం" అన్నచోట
కొట్టెయ్యబోయి ఆగాను.

నాలుగోరోజు, లైట్లు చూసే ఓతార్
టీ తాగొస్తానని ఆ తలుపులోంచే వెళ్ళాడు.
రాలేదు.
ఎక్కడికని ఆ రోజుల్లో అడిగేవాళ్ళు కాదు.
తీగ నా చేతికొచ్చింది అలాగే.

మార్జిన్లో రాశాను: ఆధారం చూపాలి.
రాసి, రబ్బరు పెట్టి రుద్దాను. ఎర్రమరక పోలేదు.
దాని మీదే మళ్ళీ రాశాను:
పన్నెండోసారి కూడా ఉంది.
సందులో ఒక చొక్కా చెయ్యి.
ఇంకోసారి చూడు.