అరవై ఒక్క శాతం

ఇరవై మంది పిల్లల్ని నా పేరున రాసి
ఒక రిజిస్టరు చేతికిచ్చారు.
నెలకోసారి పిలవాలి, మాట్లాడాలి, సంతకం పెట్టించాలి.
పదకొండో పేరు మల్లాడి నూకరత్నం.
ఊరు భైరవపాలెం. హాజరు అరవై ఒక్క శాతం.
మూడు పేపర్లు మిగిలిపోయాయి.

"క్లాసులకి ఎందుకు రావు?" అన్నాను.
"వస్తానండి" అంది.
"మొదటి గంటలో ఎప్పుడూ కనపడవేం?"
"ఉంటానండి" అంది.
శ్రద్ధ లేదు, అని రాశాను.

సంతకానికి పెన్ను అందుకున్నప్పుడు చూశాను
ఆ వేళ్ళు.
నాని, తెల్లబడి, ముడతలు పడి,
గోళ్ళ వారన ఐసు కొరికిన గాట్లు.
రొయ్యల షెడ్డు వాసన దాచడానికి
ఎంత పౌడరు రాసుకుందో పిల్ల!

రాత్రి పదింటి నుంచి తెల్లారేదాకా తలలు తీస్తుందట,
కిలోకింతని.
ఏడింటి కాకినాడ బస్సు తప్పితే మళ్ళీ తొమ్మిదిన్నరకే.
ఈ మాట చెప్పడానికి మూడు నెలలు పట్టింది తనకి.
కాదు,
అడగడానికి పట్టింది నాకు.

మా నాన్న చొప్పెల్ల లాకుల దగ్గర లస్కరు.
ధాన్యం పడవ లోపలికొస్తే
వెనక తలుపులు మూసి, ముందు తూము కాస్త ఎత్తేవాడు.
పడవని నువ్వే పైకి లేపావా అని అడిగేదాన్ని.
"నా వల్లవుద్దేంటే! నీళ్ళు సమం చేశానంతే.
ఆ పైన గెడ వాళ్ళదే."

ఇద్దరం ఒక తెల్లకాగితం ముందేసుకు కూర్చున్నాం.
ల్యాబు మధ్యాహ్నం బ్యాచికి మార్చాలి.
మూడు పేపర్లూ ఒకేసారి కట్టొద్దు,
ఈసారికి ఒకటి, తనకి కాస్త వచ్చింది.
స్కాలర్‌షిప్పు రెండేళ్ళుగా ఎందుకాగిందో తవ్వితే
బ్యాంకు పుస్తకంలో పేరు నూకరత్తం అని పడింది.
ఒక్క అక్షరం.
రెండేళ్ళ రాత్రులు.

బ్యాచి మార్చడం రూల్సులో లేదన్నారు హెడ్డు గారు.
యూనివర్సిటీ పుస్తకం నలభయ్యో పేజీ తీసి చూపించాను.
ఎవరూ తెరవని పేజీ, అంచులింకా అంటుకునే ఉన్నాయి.

డిసెంబరులో ఒకటి పాసైంది, నలభై రెండు మార్కులు.
రెండు అలాగే ఉన్నాయి.
షెడ్డు పూర్తిగా మానలేదు, శనాదివారాలకి తగ్గించింది.
రిజిస్టరులో 'శ్రద్ధ లేదు' కొట్టెయ్యలేదు నేను.
ఎవరికో రాయలేదు కదా, ఉండనిచ్చాను.

నిన్న గుమ్మంలో నిలబడి,
"మేడమండీ, మా బెంచీలో ఇంకో అమ్మాయుందండి.
ఏవడిగినా బానే ఉన్నానంటాదండి."
"మరి నీకెలా తెలిసింది?"
"పెన్నిచ్చి చూశానండి."